లింగవ్వ మొక్కిన గుట్ట

సూరత్ నగర చరిత్ర రాసినవాళ్లు సామాన్యులు కారు. ఓడలు ఎప్పుడొచ్చాయో, కోట ఎవరు కట్టించారో, తాపీ నది ఏయే ఏట ఒళ్లు విరుచుకుని ఊళ్లోకి నడిచొచ్చిందో పూసగుచ్చినట్టు రాసిపెట్టారు. అయితే 1997 మార్చిలో ఒకానొక ఉదయం, పది గంటల ప్రాంతంలో, సూరత్ వైపు వస్తున్న రైలు జనరల్ పెట్టెలో, సోన్‌గఢ్ స్టేషన్ ఇంకా రాకముందే, లింగవ్వ అనే ఇరవై ఏళ్ల ఇల్లాలు దూరాన కనిపించిన ఒక గుట్టకు రెండు చేతులూ జోడించిన ఘట్టం మాత్రం ఏ గ్రంథంలోనూ లేదు. సాక్షులు లేక కాదు. ఇద్దరున్నారు. ఒకరు ఆమె భర్త సదానందం. అతను అప్పుడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. రెండోవారు ఎదుటి సీట్లో పల్లీలు ఒలుచుకుంటున్న మరాఠీ పెద్దాయన; ఆయనకు చరిత్ర మీద ఆసక్తి ఉన్నట్టు కనిపించలేదు.

ఆనాడు మొదలైన ఆచారం ఇరవై నాలుగేళ్లు తప్పలేదు. మొగుడూ పెళ్లాం ఏటా శివరాత్రికి సొంతూరు పోతారు. వేములవాడ రాజన్నకు మొక్కుగా కోడె కడతారు. కాముని పున్నమ దాకా చుట్టాల ఇళ్లలో తిని, నాలుగు మాటలు పడి, ఆరు మాటలు అని, మళ్లీ సూరత్ రైలెక్కుతారు. పోయేటప్పుడు ఆ గుట్ట చీకట్లో దాటిపోతుంది. వచ్చేటప్పుడు మాత్రం పొద్దున ఎండలో నిండుగా దర్శనమిస్తుంది. పెద్దదేం కాదు. ఒళ్లంతా అడవి, నెత్తిన ఒక ఎర్ర జెండా. రైలు దాన్ని దాటడానికి నిమిషమున్నర పడుతుంది. ఆ నిమిషమున్నరలో లింగవ్వ ఏడాదికి సరిపడా విన్నపాలు చెప్పుకుంటుంది. మగ్గాలు ఆగొద్దు, ఒంట్లో బాగుండాలె, బిడ్డ సంతోషికి మంచి సంబంధం రావాలె, కింది వాటా ఐలమ్మకు జర నోరు తగ్గాలె. ఐలమ్మ సంగతి తప్ప మిగతావన్నీ చాలావరకు నెరవేరాయి.

గుట్ట ఉన్నచోట దేవుడుంటాడు. కరీంనగర్ వైపు మనుషులకు ఇది ఎవరూ నేర్పనక్కర్లేని శాస్త్రం. గుట్ట ఎక్కేది దేవుడి కోసం. దేవుడు లేని గుట్ట ఎక్కేవాడు మేకలు తోలేవాడన్నా కావాలి, మతి తప్పినవాడన్నా కావాలి. కనుక ఆ గుట్ట మీద దేవుడున్నాడా అన్న ప్రశ్న ఆ ఇంట్లో ఎన్నడూ పుట్టలేదు. పుట్టిందల్లా ఏ దేవుడన్న పేచీ. గుట్ట గనుక ఆంజనేయుడు, అంటే అంజన్నే అని సదానందం. జెండా ఎర్రగా ఉంది గనుక ఎల్లమ్మే అని లింగవ్వ. ఒక్కసారి మాత్రం, అత్తగారు పోయినప్పుడు, ఆషాఢంలో పోయి రావలసి వచ్చింది. అప్పుడు జెండా కనిపించలేదు. "వానలు గదా, తీసి లోపట పెట్టుకున్నరు," అంది లింగవ్వ. ఇంతకంటే పెద్ద చిక్కుముళ్లను ఇంతకంటే బలహీనమైన వివరణలతో దాటేసిన పండితులున్నారు.

సదానందానిది మరమగ్గాల బతుకు. సూరత్‌లోని వడోద్‌లో మూడో అంతస్తు మీద ఒక గది, పాండేసరాలో కార్ఖానా. పన్నెండు గంటల షిఫ్టు, పది మగ్గాలు, వాటి మధ్య సన్నటి సందు. ఎక్కడ పోగు తెగితే అక్కడికి నడవాలి. ముప్ఫై ఏళ్లలో అతను ఆ సందులోనే కాశీకి పోయి వచ్చేంత దూరం నడిచి ఉంటాడు, పుణ్యం మాత్రం రాలేదు. ఆ మోతలో మాట వినబడాలంటే అరవాలి. అరిచి అరిచి గొంతు తగ్గించడం మరిచిపోయాడు. ఇంట్లో ఉప్పు అడిగినా వీధి చివర వినిపించేది.

2021 ఏప్రిల్‌లో కరోనా రెండోసారి ఊరి మీద పడ్డప్పుడు ఆ గొంతు పోయింది. ముందు గొంతు, తర్వాత ఊపిరి. పంతొమ్మిది రోజులు ఆసుపత్రిలో ముక్కుకు గొట్టంతో ఉన్నాడు. లోపలికి ఎవరినీ రానివ్వలేదు. లింగవ్వ ఎదుటి ఫుట్‌పాత్ మీద, మూసేసిన జిరాక్సు దుకాణం అరుగు మీద పంతొమ్మిది రోజులు కూర్చుంది. ఆరో రోజున, ఏ కబురూ రాని ఒక మధ్యాహ్నం, తూర్పుకు తిరిగి చేతులు జోడించింది. "గుట్ట మీది దేవుడా, నువ్వెవరివైతే వాళ్లవు. ఈయన లేసి నడిస్తే ఇద్దరం కాలినడకన నీ గుట్టెక్కుతం."

ఈ మొక్కు సంగతి సదానందానికి ఇంటికొచ్చాక తెలిసింది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మనుషులు మూడంతస్తులు మోసుకొచ్చారు. మంచం మీద వాలి, రొప్పు తగ్గాక, అతను లేవనెత్తిన మొదటి అభ్యంతరం న్యాయపరమైనది.

"నన్నడుగకుంట నా కాళ్ల మీద మొక్కు పెడ్తివా?"

"అడుగుదామంటే నువ్వు మాట్లాడేటట్టుంటివా?"

ఆ రోజు నుంచి సదానందం గది దాటలేదు. దిగితే మళ్లీ ఎక్కాలి గదా అని దిగడం మానేశాడు. ఊళ్లోనే అమ్రోలిలో కాపురముంటున్న కూతురు సంతోషి వేలికి తగిలించుకునే ఆక్సీమీటరు కొనిచ్చింది. "బాపూ, నైంటీ ఫోర్ మీద ఉంటే టెన్షన్ నహీ లేవాను," అని గుజరాతీలో ధైర్యం కూడా చెప్పింది. అతను ఆ యంత్రాన్ని పూజాసామగ్రిలా తలగడ పక్కన పెట్టుకుని, రోజుకు నలభైసార్లు వేలు పెట్టి, అంకె చూసి, కళ్లు మూసుకునేవాడు. మాట గాలిలా వచ్చేది. "సదానందం మర్యాద నేర్చిండు," అని ఐలమ్మ మెచ్చుకుంది. లింగవ్వ మాత్రం ఆ మెత్తటి గొంతు విన్నప్పుడల్లా ముఖం తిప్పుకునేది.

సెప్టెంబరులో పరమేశ్ వచ్చాడు. కార్ఖానాలో మనుషులకు పని పంచే మాస్టరు అతనే. సదానందానికి మేనమామ కొడుకు కూడా. మాస్కు గడ్డం కిందికి లాగి, చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి అసలు మాట చెప్పాడు.

"బావా, నీ జాగల ఇంకో మనిషిని పెట్టిన. దీపావళి దాకనే. సెలవులైనంక కార్ఖానా తెరిచిన్నాడు నువ్వొచ్చి నిలబడితే నీ మగ్గాలు నీయే. రాకపోతే సేటుకు నేనేం చెప్పాలె?"

"నిలబడుడు... చూద్దాంతీ."

"చూద్దామంటే కాదు బావా. కూసున్నోనికి మగ్గం కాడ ఏం పని? నీకు తెల్వనిదా!"

పరమేశ్ మెట్లు దిగే చప్పుడు ఆగాక సదానందం గోడకేసి తిరిగాడు. "ఇగ సూరత్ అయిపోయిందే. ఊరికి పోదాం. బీడీలు చేస్కుంట బతుకుదాం."

"బీడీలు నేను చెయ్యాలె, నువ్వు తాగాలె. మంచిగనే ఉన్నది," అంది లింగవ్వ. ఆమె ఒళ్లో చీర ఉంది. బజారు చీరలకు మెరుపు రాళ్లు అంటించడం ఆమె ఇంటి పని. ఇంకో మాట అనకుండా ఆ సాయంత్రం ముప్ఫై రాళ్లు అంటించింది.

మరునాడు పొద్దున సదానందం లేచేసరికి పొయ్యి మీద ఏమీ లేదు.

"చాయేదే?"

"డాబా మీదున్నది."

"డాబా మీదికెందుకు పోయింది?"

"గాలి మంచిగున్నదని పోయింది. కావల్నంటే నువ్వూ పో."

గది నుంచి డాబాకు ముప్ఫై ఆరు మెట్లు. మొదటిరోజు తొమ్మిది ఎక్కి, కూర్చుని, యంత్రం చూసుకుని, దిగొచ్చాడు. ఆ రోజు చాయ్ లేదు. రెండోరోజు పద్నాలుగు. ఆరోరోజు చేరాడు. చాయ్ చల్లారి పైన తెట్టు కట్టింది. వేడిచేసి ఇమ్మన్నాడు. వేడి చాయ్ తొందరగా వచ్చినోళ్లకని చెప్పి, లింగవ్వ తలెత్తకుండా రాళ్లు అంటించుకుంది. మహాసేనలను కొండలెక్కించిన సేనాపతులు గుర్రాలు, ఏనుగులు, బిరుదులు వాడారు. లింగవ్వ దగ్గర ఒక్క గ్లాసు చాయ్ తప్ప ఆయుధం లేదు. బతుకమ్మ పండుగకు చాయ్ గోరువెచ్చగా ఉండగానే అతను డాబా మీదున్నాడు. దసరా దాటాక నోరు కాలింది.

దీపావళి వచ్చింది. కార్ఖానాలు మూశారు. సోమవారం తెరుస్తారనగా శుక్రవారం తెల్లవారే ఇద్దరూ సోన్‌గఢ్ బస్సెక్కారు. అక్కడ దిగి ఇంకో ఆటో. ఎక్కడికని అడిగిన ఆటోవాడికి లింగవ్వ గుట్టను వేలితో చూపింది. సంచిలో ఇద్దరు దేవుళ్లకూ సరిపడా సామానుంది. అంజన్నయితే సింధూరం, తమలపాకుల దండ. ఎల్లమ్మయితే పసుపు, కుంకుమ, డజను గాజులు, రవికె ముక్క. కొబ్బరికాయలు రెండు. ఆకలయితే సర్వపిండి. సంచి మోసేది ఆమే. చెప్పులు విడిచి కొంగులో కట్టుకున్నదీ ఆమే. సదానందం చేతిలో ఒక కర్ర, జేబులో ఆమెకు తెలియకుండా తెచ్చుకున్న ఆక్సీమీటరు.

కట్టెలకు పోయేవాళ్లు తొక్కి తొక్కి చేసిన బాట అది. రెండు పక్కలా టేకుచెట్లు, విస్తళ్లంత ఆకులతో. కిందపడ్డవి కాలు పెడితే అప్పడాల్లా విరుగుతున్నాయి. మలుపు దగ్గర వెదురుపొద గాలికి కిర్రుమంది. సదానందం ఆగి చుట్టూ చూశాడు. ముప్ఫై ఏళ్లుగా చెవుల్లో మగ్గాల మోత తప్ప ఇంకోటి ఎరగడు. ఇక్కడ ఆకు రాలితే వినిపిస్తోంది. అంతకంటే గట్టిగా అతని ఊపిరే అతనికి వినిపిస్తోంది. అది వినడమే అతనికి భయం. నాలుగు అడుగులు, ఒక రాయి మీద కూర్చోవడం. మళ్లీ నాలుగు అడుగులు. కూతవేటు దూరానికే గంట పట్టింది. గంట తర్వాత దొంగచాటుగా యంత్రం తీసి వేలికి పెట్టుకున్నాడు.

"ఎంతున్నదట?" అంది వెనక నుంచి లింగవ్వ.

పట్టుబడ్డ దొంగ నిజం చెప్పాడు. "తొంభై రెండు. ఇగ నాతోని గాదు లింగవ్వా. దిగుదాం."

ఆమె యంత్రం లాక్కుని తన వేలికి పెట్టుకుంది. అది కాసేపు ఆలోచించి ఎనభై ఎనిమిది అంది. ఇద్దరూ ఆ అంకెను కన్నార్పకుండా చూశారు.

"నీకన్న నాదే తక్కువున్నది," అంది ఆమె. "గయినా నేను రెండు కొబ్బరికాయలు మోస్తున్న. లే!"

ఆమె గోళ్ల మీద రాళ్లంటించే జిగురు ఏళ్లతరబడి పేరుకుని గట్టిపడి ఉందని, దాంట్లోంచి ఆ యంత్రానికి ఏమీ సరిగా కనిపించదని తర్వాత సంతోషి చెప్పింది. ఆ రోజు గుట్ట మీద ఆ సంగతి చెప్పేవాళ్లు లేరు. సదానందం లేచాడు. తనకన్నా పాడైన ఊపిరితిత్తులతో ఒక ఆడమనిషి సంచితో ముందు నడుస్తుంటే కూర్చోవడానికి సిగ్గేసింది.

సగం దూరంలో కట్టెలమోపుతో దిగివస్తున్న ముసలామె ఎదురైంది. అక్కడి గామిత్ తెగ మనిషి. మోపు దించకుండానే గుజరాతీలో పలకరించింది. లింగవ్వ ఇరవై నాలుగేళ్ల గుజరాతీని కూడగట్టుకుని మందిరం ఇంకెంత దూరమని అడిగింది.

"మందిరమా? అది కింద రోడ్డు పక్కనే ఉంది. దాటొచ్చారు గదా!"

"అది కాదు. పైన. జెండా ఉన్నది."

"పైన ఏ మందిరమూ లేదు. జెండా కూడా లేదు," అంది ముసలామె.

"మరి పైన ఏమున్నది?"

ఆమె కాస్త ఆలోచించింది. "గాలి ఉంది," అని చెప్పి దిగిపోయింది.

సదానందం కర్ర నేలకు ఆనించి నిలబడ్డాడు. ఇంతకంటే మంచి అవకాశం మళ్లీ రాదు. దేవుడు లేడు గనుక మొక్కు లేదు. మొక్కు లేదు గనుక ఎక్కడం లేదు. ఏ కోర్టుకు పోయినా నెగ్గే వాదన. నోరు తెరవబోయాడు. ఈలోగా లింగవ్వ సంచి భుజం మార్చుకుని, పైకి చూస్తూ, తనలో తాను అనుకున్నట్టు అంది: "ఆమెకేం తెలుసు? ఎల్లమ్మ అందరికి కనపడదు."

"ఎల్లమ్మనా! ఎల్లమ్మెందుకుంటదే గీడ?" అన్నాడు సదానందం.

"ఎర్ర జెండా ఎవలది మరి?"

"గుట్ట మీద అంజన్నగాక ఎవలుంటరు? కొండగట్టు మీద ఎవలున్నరు?"

"కొండగట్టుకు దీనికి ఏం సంబంధం? ఆడ కోతులున్నయి. గీడ ఒక్క కోతన్న ఉన్నదా?"

"కోతులుంటెనే అంజన్ననా? మన కార్ఖానాల అంజన్న పటమున్నది, కోతులున్నయా?"

"ఉన్నయిగద పదిమంది, షిఫ్టుకు!"

"ఏందే, నేను కోతినా?"

ఆ చివరి మాటకు టేకుచెట్టు మీద కూర్చున్న పిట్టలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. సదానందం ఉలిక్కిపడ్డాడు. అరిచిందెవరో అతనికి ఒక క్షణం అర్థం కాలేదు. వెనక్కి తిరిగి చూశాడు. ముసలామె ఎదురైన మలుపు చాలా కిందికి, చెట్ల సందున చిన్నగా కనిపిస్తోంది. అంత ఎత్తూ అతను తగవుపడుతూ ఎక్కాడు. ఎక్కడా కూర్చోలేదు.

లింగవ్వ ఆగింది గానీ వెనక్కి తిరగలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. చెమటేనని సదానందం అనుకున్నాడు. అయితే మరీ ఎక్కువసేపు తుడుచుకుంది.

"ఇంకోపాలి అను," అంది.

"ఏమని?"

"గదే. ఏందే అని."

అతను కర్రను చెట్టు మొదట్లో ఆనించి, అక్కడే వదిలేసి, ఆమెను దాటి ముందుకు నడిచాడు. దేవుడు లేడన్న కబురును వాదనకు వాడుకోవాలన్న సంగతే మరిచిపోయాడు. పైన ఏముందో తనే చూడాలనిపించింది.

పైన నిజంగానే మందిరం లేదు. సిమెంటు దిమ్మె మీద అటవీశాఖ వాళ్ల అంకె, నాలుగు బండలు, ఎండిన గడ్డి. నట్టనడుమ వంకర మాను, మూడేసి ఆకుల కొమ్మలతో ఒక చెట్టు. లింగవ్వ దాని దగ్గరికి పోయి ఒక ఆకు తెంపింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. చిన్నప్పుడు కట్టలకొద్దీ తెంపి విస్తళ్లు కుట్టిన ఆకు. కాముని పున్నమకు పూలు ఉడకబెట్టి ఒకరి మీద ఒకరు రంగు పోసుకునే చెట్టు. ఆ నెలలో ఆకంతా రాల్చి నెత్తి నిండా ఎర్రగా పూస్తుంది. ఏటా వాళ్లు రైల్లో దాటిపోయింది ఆ నెలలోనే.

"మోదుగు," అంది.

సదానందం పెదవులు బిగబట్టాడు. లాభం లేకపోయింది. నవ్వు కడుపులోంచి వచ్చి, దగ్గుగా మారకుండా, నవ్వుగానే బయటపడింది. ఏప్రిల్ తర్వాత అలా జరగడం అదే మొదలు.

"నవ్వకు! ఇరవై నాలుగేండ్లు విస్తరాకు చెట్టుకు మొక్కిన్నా నేను?"

"నీ బిడ్డకు సంబంధం తెచ్చింది కూడా గదేనే!"

ఆమె అతన్ని కొరకొరా చూసింది. తర్వాత చెట్టును చూసింది. తర్వాత తన ముందు నిటారుగా నిలబడి నవ్వుతున్న మనిషిని, కాళ్ల నుంచి తల దాకా, బట్టల దుకాణంలో చీర ఎంచినట్టు ఎంచి చూసింది. పేచీ అక్కడితో తీరింది.

"మొక్కిన. ఎవలో ఒకలు అందుకున్నరు," అంది తీర్పు చెబుతున్నట్టు. "ఎవలందుకున్నరో గది వాళ్లు వాళ్లు చూసుకుంటరు. మనం బాకీ ఉండొద్దు."

మానుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, గాజులు ఒక కొమ్మకు ఎక్కించింది. అంజన్న నొచ్చుకోకుండా రెండో పక్క సింధూరం పూసి తమలపాకుల దండ వేసింది. కొబ్బరికాయలు రెండూ బండకు కొట్టింది. అదే చెట్టు ఆకులు నాలుగు తెంపి, పుల్లలతో కుట్టి, సర్వపిండి వడ్డించింది. తింటుండగా కింద, చెట్లకవతల, రైలు ఒకటి సూరత్ వైపు పోయింది. అగ్గిపెట్టెలు వరసగా లాగినట్టుంది. సదానందం అటే చూశాడు. లింగవ్వ చటుక్కున కొంగు సర్దుకుని సరిగా కూర్చుంది.

"ఏమైందే?"

"ఎవలన్న దండం పెడ్తున్నరేమో."

ఆ ఎత్తు మీద కూర్చుని సదానందం ఆమె చేతులూ కాళ్లూ చూశాడు. గోళ్ల మీద జిగురు పొర, వేళ్లకు పసుపు, అరికాళ్లకు ముళ్లు. పంతొమ్మిది రోజులు అరుగు మీద కూర్చున్న మనిషి, చల్లటి చాయ్ ఇచ్చిన మనిషి, వాదన పెట్టుకుని కొండెక్కించిన మనిషి. తనను ఇద్దరు మోసుకొచ్చారని ఇన్నాళ్లూ అనుకున్నాడు. ఆ ఇద్దరూ మోసింది మూడంతస్తులే. మిగతాదంతా మోసింది ఈమె. ఈ మాట పైకి అనడం సదానందానికి చేతకాదు. తన ఆకులోని సర్వపిండిలో మాడని ముక్క తుంచి ఆమె ఆకులో వేశాడు. "తిను. దిగాలె గద," అన్నాడు. గుట్ట మీదున్న పిట్టలన్నిటికీ వినిపించింది.

సోమవారం పొద్దున ఏడింటికి కార్ఖానా తెరిచారు. సదానందం ఆరున్నరకే గేటు దగ్గర నిలబడ్డాడు. ఏ గోడకూ ఆనుకోలేదు. పరమేశ్ బండి దిగి, పైనుంచి కిందికి చూసి, "వచ్చినవా బావా!" అన్నాడు.

"వచ్చిన! నిలబడ్డ! చూస్కో!"

గుట్ట సంగతంతా చెప్పాడు. పరమేశ్ ఆసాంతం విన్నాడు, భుజం తట్టాడు, హాజరు పుస్తకంలో పేరు రాశాడు. ఆ పూట నుంచి నేసిన బట్టలో తప్పులు చూసే బల్ల దగ్గర అతన్ని వేశాడు. అది కూర్చుని చేసే పని.